శివుడికి ఫిర్యాదు: ‘గబ్బిలం’లో ఓదార్పు ప్రశ్న

కష్టాల్లో ఉన్న దళితుడు దేవుడి దగ్గరికి పోతే మన అభ్యుదయ విమర్శకుల దగ్గర రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి మత్తుమందు, రెండోది పలాయనం. వాడల్లో జరిగే ప్రార్థనను ఒక్క రాత్రి కూర్చుని విన్నవాళ్ళెవరూ ఇంత తేలిగ్గా మాట్లాడలేరు. ఆ మనిషి ఏడుస్తున్న మాట నిజమే. ఏడుస్తూ ఏమంటున్నాడు? ఈ ప్రశ్న వేసుకోకుండా జాషువా ‘గబ్బిలం’ (1941) చదివితే సగమే అర్థమవుతుంది.

కథ తెలిసిందే. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపాడు. జాషువా నాయకుడు చెప్పులు కుట్టి బతికే అరుంధతీసుతుడు. తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? గుడి గడప అతను తొక్కకూడదు. గబ్బిలానికి ఆ అడ్డు లేదు, గర్భగుడిలోనైనా వేలాడుతుంది. ఇంట్లోకొస్తే కీడని జనం తరిమేసే పిట్ట అది. ఊరు తరిమేసిన మనిషి దాన్ని తరమకుండా ఆపి, తన గోడు చెప్పుకుంటాడు. అతనికి దక్కిన మొదటి ఓదార్పు అదే. దేవుడు వినకముందే ఒక ప్రాణి విన్నది.

‘శివుడికి మొరపెట్టుకోవడమంటే కాళ్ళు పట్టుకోవడమే కదా, ఇందులో తిరుగుబాటెక్కడ?’ అని మనవాళ్ళలోనే అనేవాళ్ళున్నారు. పైగా జాషువా (1895–1971) క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందినవాడు. అలాంటివాడు తన నాయకుణ్ణి శివుడి దగ్గరికే ఎందుకు పంపాడు? నాకు తోచిన జవాబు ఇది: ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో అక్కడే ఇచ్చాడు. ఎవరి పేరు చెప్పి మనిషిని బయట నిలబెట్టారో, ఆ పేరుగలవాణ్ణే అడగాలి. అర్చకుడు దగ్గర లేని సమయం చూసి చెప్పమని గబ్బిలానికి జాగ్రత్త చెప్పడం గమనించాలి. బంట్రోతు కన్నుగప్పి అధికారికి అర్జీ అందించే కూలివాడి తెలివి అది. ఆ అర్జీలో ఉన్నది కూడా స్తోత్రం కాదు. కోట్లమంది దేవతలున్న దేశంలో ఆకలేమిటని, బొమ్మల పెళ్ళిళ్ళకు వేలు పోసేవాళ్ళు పేదవాడి ఖాళీ గిన్నెలో ఒక మెతుకు వెయ్యరేమని అడగడం. కర్మ పేరు చెప్పి తన నోరు కట్టేశారని నిలదీయడం.

ఇక్కడ బైబిలులోని యోబు గుర్తొస్తాడు. జాషువా మనసులో యోబు ఉన్నాడని నేను అనడం లేదు. పోలిక మాత్రం పనికొస్తుంది. అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబును ఓదార్చడానికి ముగ్గురు స్నేహితులొచ్చారు. నీ పాపమే నీకీ గతి పట్టించిందని వాదించారు. యోబు ఒప్పుకోలేదు, దేవుడితోనే వ్యాజ్యం వేసుకున్నాడు. చివరికి దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద. కర్మసిద్ధాంతం మనకు ఇలాంటి స్నేహితుడే. ఓదార్చే ముఖంతో వచ్చి నేరం మన మీదే మోపుతుంది.

కాబట్టి ఓదార్పు రెండు రకాలు. నోరు మూయించేది ఒకటి, నోరు తెరిపించేది ఒకటి. దీనికి మతంతో పని లేదు. ‘శ్రమలు సహించండి, పరలోకంలో ఫలితముంది’ అని చెప్పి పంపేసే ప్రసంగం కూడా కర్మసిద్ధాంతం చేసే పనే చేస్తుంది.

మా అమ్మమ్మకు చదువు రాదు. రాత్రిపూట మోకాళ్ళ మీద ఆమె చేసే ప్రార్థన నాకింకా వినపడుతుంది. ‘నాయనా, ఆసామి పన్నెండు రోజుల కూలి ఎగ్గొట్టాడు, నువ్వు చూశావు’ అని రోజులు లెక్కపెట్టి చెప్పేది. అది ప్రార్థనా, లెక్కల పుస్తకమా? రెండూనూ. దేవుడు ఆమెకు సాక్షి. ఆ లెక్క రాత్రి అక్కడ చెప్పుకున్న మనిషే తెల్లారి ఆసామి గుమ్మం ముందు అదే లెక్క తడుముకోకుండా చెప్పగలిగేది.

1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు చీరాలకు వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. కన్నీళ్ళు పెట్టుకున్న ఆ చోటే ఉద్యమానికి శిబిరమైంది. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. అక్కడ ఏడ్చినవాళ్ళు ఏడ్చి ఊరుకోలేదు, తమకేం జరిగిందో లోకానికి చెప్పారు.

‘గబ్బిలం’ పరిమితి కూడా ఇక్కడే కనపడుతుంది. కావ్యంలో గోడు చెప్పుకునేవాడు ఒక్కడే. అతని వెనక పల్లె లేదు, కబురు మోయడానికి ఒక పిట్ట మాత్రమే ఉంది. చీరాలలో ఆ కబురు జనమే మోశారు. కానీ ఆ ఒక్కడు ముందు నోరు విప్పకపోతే మనకు ఏ భాషలో అడగాలో తెలిసేది కాదు.

దళితుడి దేవుణ్ణి వెక్కిరించే ముందు ఒక్కటి అడగండి: ఈ దేవుడి దగ్గర ఇతను తల వంచుకుని లేస్తున్నాడా, లెక్క చెప్పుకుని లేస్తున్నాడా? మన విమర్శ అక్కడ మొదలుకావాలి.