పొగా, మంచా?

వానాకాలంలో తెల్లవారుజామున తాండూరులో రైలెక్కితే, ధారూర్ దాటి వికారాబాద్ దగ్గరపడుతుండగా అనంతగిరి కొండల వైపు చెట్ల మీదుగా తెల్లగా ఏదో పైకి లేస్తూ కనిపిస్తుంది. తొలిచూపుకు పొగే అనిపిస్తుంది. అడవిలో ఎవరో మంట వేశారనుకుంటాం. ఎండ తగిలి అది విడిపోయాక తెలుస్తుంది, మంచని. తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చదివిన రెండేళ్ళూ ఆదివారం ఇంటికొచ్చి, సోమవారం పొద్దున్నే ఆ కిటికీ పక్కన కూర్చుని ఉస్మానియాకు తిరిగి వెళ్ళేదాన్ని. నేను నేర్చుకున్నదంతా ఆ కొండ మీది తెలుపు చుట్టూనే తిరిగిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎందుకో చెప్తాను. న్యాయశాస్త్రంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, తొలి పాఠం కొండతోనే మొదలవుతుంది. ఆ కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఈ ఐదింటికీ పేర్లు. అంతా కలిపి అనుమానం అంటారు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అనుమానమంటే సందేహం. శాస్త్రంలో అనుమానమంటే కనిపించేదాన్ని పట్టుకుని కనిపించనిదాన్ని తెలుసుకోవడం. నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాటకు ఇంకో అర్థం ఉందని క్లాసులో విన్నరోజు, నా భాషలోకి కొత్త వాకిలి తెరుచుకున్నట్టయింది.

ఆ వారమే మా సారు ఒక ప్రశ్న వేశారు. "నువ్వు మంచును చూసి పొగనుకున్నావు. కొండ మీద నిప్పుందన్నావు. కొండకు అవతలి పక్క పశువుల కాపర్లు నిజంగానే మంట వేసుకుని మక్కకంకులు కాల్చుకుంటున్నారు. ఆ మంట నీకు కనిపించలేదు. నువ్వన్నది నిజమే. మరి నిప్పుందని నీకు తెలిసినట్టా, కాదా?"

తెలిసినట్టే అన్నాను. కాసేపటికి కాదన్నాను. బెల్లు కొట్టాక కూడా తేల్చుకోలేదు. ఆ ప్రశ్న వయసు ఎంతో తర్వాత తెలిసింది. ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ 1963లో మూడంటే మూడు పేజీల వ్యాసం రాశాడు. ఒక సంగతి నిజమై, దాన్ని మనం నమ్మి, నమ్మడానికి తగిన కారణం కూడా ఉంటే అది జ్ఞానమని చాలామంది అనుకునేవారు. అంతమాత్రం చాలదని ఆ మూడు పేజీలు చూపించాయి. ఆ వ్యాసం మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అయితే ఈ జాతి చిక్కునే 12వ శతాబ్దంలో శ్రీహర్షుడనే తత్త్వవేత్త ఖండనఖండఖాద్యం అనే గ్రంథంలో లేవనెత్తాడు. తప్పు దారిన పోయినవాడు అదృష్టవశాత్తూ సరైన ఊరు చేరితే, వాడికి దారి తెలుసనగలమా? ఎనిమిది వందల ఏళ్ళ ఎడంలో, ఒకరి ఊసు ఒకరికి తెలియని ఇద్దరు అదే గుమ్మం ముందు నిలబడ్డారు. అనంతగిరి మంచును చూస్తూ నేనూ అక్కడే నిలబడ్డాను.

తత్త్వశాస్త్రం చదువుతున్నానంటే చాలామంది వేదాంతమా, సన్యాసమా అని అడుగుతారు. నిజానికి ఈ చదువు ఒక పనితనం. చేతిపనికి ఉన్నట్టే దానికీ పనిముట్లూ, క్రమం, ఒళ్ళు వంచాల్సిన రోజులూ ఉన్నాయి. అందులో మొట్టమొదటిది పూర్వపక్షం. నీకు గిట్టని వాదాన్ని, అది చెప్పినవాడు విని "అవును, నా మాట ఇదే" అని ఒప్పుకునేలా చెప్పగలగాలి. ఆ తర్వాతే ఖండించాలి. ఆ తర్వాతే నీ సిద్ధాంతం.

ఇది నాకు మొదట చేతకాలేదు. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1641లో అచ్చువేసిన మెడిటేషన్స్ మీద మొదటి వ్యాసం రాశాను. ప్రపంచమంతా అబద్ధమన్నాడని చెప్పి, నాలుగు పేజీల్లో ఆయన్ని చిత్తుచేశాను. కాగితాల మీద సారు ఒక్క వాక్యం రాసి తిరిగి ఇచ్చారు: "అమ్మా, నువ్వు ఓడించిన మనిషి ఈ పుస్తకంలో లేడు." మళ్ళీ చదివాను. అబద్ధమని ఆయన ఎక్కడా తేల్చలేదు. సందేహించడానికి వీలున్న ప్రతిదాన్నీ పరీక్షించేదాకా పక్కన పెడతానన్నాడు, అంతే. పక్కన పెట్టడానికీ కొట్టిపారేయడానికీ తేడా నాకు ఆరోజు తెలిసింది. ఆ వ్యాసం మూడుసార్లు తిరిగి రాశాను.

ఆ ఆదివారం ఇంటికొచ్చి నాయినతో చెప్పాను. నాయిన బండల గనిలో పనిచేశాడు, తర్వాత పాలిషింగ్ యూనిట్‌లో. తాండూరు నాపరాయి గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. నీలం బండ, పసుపు బండ అని రెండు రంగుల సున్నపురాయి ఇక్కడి నేలలో పొరలు పొరలుగా పేర్చినట్టుంటుంది. పొర పట్టి లేపితే బండ నిండుగా వస్తుంది. పొరకు అడ్డంగా కొడితే ముక్కలవుతుంది. నాయిన అంతా విని అన్నాడు: "పొర సూడకుంట సుత్తె లేపినవ్ బిడ్డా. రాయికేం కాదు, పని ఖరాబైతది." ఆయనకు డెకార్ట్ ఎవరో తెలియదు. కానీ నా తప్పేమిటో సారు ఒక వాక్యంలో చెప్పినదాన్ని ఆయన ఇంకో వాక్యంలో చెప్పాడు. వాదానికీ పొర ఉంటుంది. అది ఎక్కడ దేని మీద ఆనుకుని ఉందో కళ్ళతో తడమాలి. అప్పుడే దాన్ని విడదీయగలం.

న్యాయశాస్త్రం మాటల పోరును మూడుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడానికే చేసేది వితండ. మనం రోజూ అనే వితండవాదం అక్కడిదే. టీవీ చర్చల్లో, ఊరి రచ్చబండ దగ్గర, ఫోన్లలో పొద్దున్నుంచి రాత్రిదాకా సాగేదాన్ని ఈ మూడు గంపల్లో వేసి చూడండి. మొదటి గంపలో ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది. ఆ మొదటి గంపను నింపే మనుషులను తయారుచేయడమే ఈ చదువు పని.

ఈ పనితనం మా నేలకు కొత్తదేమీ కాదు. అనంతగిరి కొండల్లో రెండు నదులు పుడతాయి. మూసీ తూర్పుకు, హైదరాబాద్ వైపు పోతుంది. కాగ్నా పడమటికి పారి, తాండూరు మీదుగా సేడం తాలూకాలోని మళఖేడ్ చేరుతుంది. మళఖేడ్ అంటే రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. 14వ శతాబ్దపు ద్వైత పండితులైన జయతీర్థుల బృందావనం, అంటే సమాధి, ఈ కాగ్నా ఒడ్డునే ఉందని మధ్వ సంప్రదాయంలో చాలామంది నమ్మకం. మధ్వాచార్యుల అనువ్యాఖ్యానానికి ఆయన రాసిన వ్యాఖ్య న్యాయసుధ. ప్రతిపక్షాల వాదాలను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకుంటూ పోయే గ్రంథం అది. ఆయన సిద్ధాంతంతో నేను ఏకీభవించను. కానీ పూర్వపక్షాన్ని ఎంత ఓపికగా నిలబెట్టాలో అక్కడ చూసి నేర్చుకోవచ్చు. తాండూరు పిల్లలకు ఆ నది తెలుసు. ఆ పుస్తకం సంగతి బడిలో మాకెవరూ చెప్పలేదు.

ఇక భాష సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. దానికోసమే 1917లో అనువాద శాఖ పెట్టి పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ఖలీఫా అబ్దుల్ హకీం వంటివారు అక్కడ తత్త్వశాస్త్రం చెప్పారు. పై చదువు మన దేశభాషలో చెప్పవచ్చని అప్పుడే రుజువైంది. అయితే హైదరాబాద్ సంస్థానంలో ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు వంతు మధ్యలో ఎక్కడో జారిపోయింది. నేను మొదటి ఏడాది ఒక్కో పేజీని రెండుసార్లు చదివాను, ఒకసారి ఇంగ్లీషు కోసం, ఒకసారి అర్థం కోసం.

తెలుగులో ఆలోచిస్తే ఏమొస్తుందని అడిగేవారికి ఒక చిన్న ఉదాహరణ. ఇంగ్లీషులో తెలుసుకోవడానికీ నమ్మడానికీ వాక్యం ఒకే తీరున నడుస్తుంది. తెలుగులో "నేను నమ్ముతున్నాను" అంటాం, కానీ "నాకు తెలుసు" అంటాం. నమ్మకం నేను చేసే పని. తెలివిడి నాకు కలిగేది, ఆకలి లాగా, నిద్ర లాగా. అయితే దీనికి పూర్వపక్షం ఉంది: "నాకు నమ్మకముంది" అని కూడా అంటాం కదా, అప్పుడు నమ్మకమూ కలిగేదే కదా? గట్టి ఆక్షేపణే. "నమ్మవద్దు" అని ఎవరికైనా చెప్పగలం, "తెలియవద్దు" అని చెప్పలేం కదా అన్నది నా జవాబు. అది చాలుతుందో లేదో ఇంకా తేల్చుకుంటూనే ఉన్నాను. పరిశోధనకు చాలిన ప్రశ్న మన వంటింటి మాటల్లోనే ఉందని మాత్రం గట్టిగా చెప్పగలను.

బతుకుతెరువు మాట దాటవేయను. ఎం.ఏ.లో చేరతానన్నప్పుడు నాయిన అడిగింది ఒక్కటే: "గా సదువుకు కొలువొస్తదా బిడ్డా?" అడగాల్సిన ప్రశ్నే. అధ్యాపక ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే లెక్కలు ముందే తెలుసుకోవాలి. చాలాచోట్ల ఏ డిగ్రీ చదివినా ఎం.ఏ. తత్త్వశాస్త్రంలో చేరవచ్చు. ఉస్మానియాకు సీపీగెట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఆ రెండో క్యాంపస్ మన రైళ్ళు ఆగే లింగంపల్లికి దగ్గరే. యూజీసీ నెట్ పరీక్షలో పరిశోధనకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే, 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్ళు, మామూలుగా 6 ఏళ్ళు గడువు.

లేమి వల్ల ఈ దారికి వచ్చినవారూ ఉన్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్రం తీసుకోవడానికి ఒక కారణం, డిగ్రీ ముగించిన బంధువు ఒకరు తన పాఠ్యపుస్తకాలు ఇవ్వడం. ఈ దారిన పేరు తెచ్చుకున్నవారూ ఉన్నారు. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో 1924లో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తత్త్వశాస్త్రం బోధించి, యూజీసీ ఉపాధ్యక్షుడై, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. అందరికీ అలాంటి పేరు రాదు, రానక్కర్లేదు. నేను ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఇంట్లో ఎవరితోనైనా మాటామాటా వచ్చినప్పుడు, జవాబిచ్చే ముందు ఎదుటివారి మాటను వారికంటే బాగా చెప్పి చూస్తాను. సగం తగాదాలు అక్కడే ఆగిపోతాయి.

తాండూరు, వికారాబాద్, కొడంగల్, పరిగి ఊళ్ళలో ఉన్న అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో "అది నీకెలా తెలుసు?" అని పదే పదే అడిగే పిల్లో పిల్లాడో ఉంటే, ఎదురు మాట్లాడుతున్నారని నోరు మూయించకండి. కూర్చోబెట్టి ఇంకో ప్రశ్న అడగండి. డిగ్రీ అయ్యాక ఈ చదువు చదువుతామంటే, కొలువు సంగతి నిజాయితీగా చెప్పి, లెక్కలు ముందు పెట్టి, ఆపైన పోనివ్వండి. ఒక సోమవారం పొద్దున తాండూరు స్టేషన్‌కు వెళ్ళి రైలెక్కించి రండి. కొండ మీద కనిపించేది పొగో మంచో వాళ్ళే తేల్చుకుంటారు.