అడిగినవాడి మాటే ఆధారమైతే

ఏ రౌటర్ మూగబోయింది, ఏ సర్వర్ డిస్క్ నిండింది, ఏ లింక్ మీద ట్రాఫిక్ పెరిగింది అని రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్ ప్రతి పెద్ద నెట్‌వర్క్‌లోనూ ఉంటుంది. అన్నింటినీ పలకరించాలి కాబట్టి ఫైర్‌వాల్‌లో దానికి దారులు తెరుస్తారు. పరికరాల ఎస్‌ఎన్‌ఎంపీ పాస్‌వర్డులు కూడా దాని డేటాబేస్‌లోనే ఉంటాయి. అలాంటిదాన్ని అన్నిటికంటే కట్టుదిట్టంగా కాపాడుకోవాలి. మనం మాత్రం కస్టమర్లు చూసే వెబ్‌సైట్‌కు పది పరీక్షలు పెట్టి, గ్రాఫులు గీసే సర్వర్‌ను ఒకసారి అమర్చి వదిలేస్తాం. ఈ అలవాటు ఎంత ప్రమాదమో 2022 డిసెంబరులో కాక్టై అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపం చూపించింది. దాని తీవ్రతకు పదికి 9.8 వేశారు.

కాక్టైలో రిమోట్ ఏజెంట్ అనే పీహెచ్‌పీ ఫైలు ఉంది. వేరే చోట్ల ఉండి లెక్కలు సేకరించే పోలర్ల కోసం పెట్టింది. అది లాగిన్ అడగదు. వచ్చినవాడి ఐపీ అడ్రస్ పోలర్ల పట్టికలో ఉందా అని మాత్రమే చూస్తుంది. ఆ అడ్రస్‌ను ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ లాంటి హెడర్ల నుంచి కూడా తీసుకునేది. ఆ హెడర్‌లో ఏం రాయాలన్నది పంపేవాడి ఇష్టం. కాక్టై నడిచే సర్వర్ ఆ పట్టికలో ముందే ఉంటుంది కనుక, దాని అడ్రస్ రాస్తే లోపలికి అనుమతి దొరికేది. ఆ తర్వాతిది అభ్యర్థనతో పాటు వచ్చే పోలర్ ఐడీ. అంకె మాత్రమే రావలసిన చోట ఏది వచ్చినా తీసుకుని షెల్ కమాండ్‌లో అతికించేది. పీహెచ్‌పీ స్క్రిప్టుతో లెక్కలు తెచ్చే అంశం ఒక్కటి ఆ సర్వర్‌లో ఉంటే, సెమికోలన్ పక్కన రాసిన కమాండ్ కూడా నడిచేది.

ఇది లోపలి సాధనం, బయటివాళ్లకు అందదు కదా అంటారు. అందింది. 2023 జనవరికల్లా దాడి ప్రయత్నాలు కనిపించాయి. ఫిబ్రవరిలో అమెరికా సంస్థ సీఐఎస్‌ఏ దీన్ని దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది. నిజంగా లోపలే ఉన్నా, ఫిషింగ్ మెయిల్‌కు చిక్కిన ఒక్క ల్యాప్‌టాప్ చాలు, దాడి చేసేవాడూ లోపలివాడే అవుతాడు. అప్‌డేట్ చేస్తే గ్రాఫులు ఆగుతాయి, ఆ కాసేపు ఏం జరుగుతోందో తెలియదన్న అభ్యంతరంలో మాత్రం న్యాయం ఉంది. కానీ ఆ గంటను మనమే ఎంచుకోవచ్చు, ముందుగా అందరికీ చెప్పొచ్చు. దాడి చేసేవాడు మనల్ని అడిగి రాడు. అప్‌డేట్ కుదిరేదాకా ఆ ఫైలును అసలు పోలర్లకు తప్ప ఎవరికీ అందకుండా వెబ్ సర్వర్‌లోనే ఆపడం కూడా మన చేతిలో పనే.

1.2.23 వెర్షన్‌తో వచ్చిన దిద్దుబాటులో గొప్ప కిటుకేమీ లేదు. అంకె రావలసిన చోట అంకేనా అని చూడటం, వచ్చినవాడు తన గురించి చెప్పుకున్నదాన్ని గుర్తింపుగా తీసుకోకపోవడం, అంతే. కోడ్ రాసేవారికి ఇవి మొదట నేర్పే పాఠాలు. నెట్‌వర్క్ నడిపేవారు కూడా తమ పర్యవేక్షణ సర్వర్‌ను ఇదే కంటితో చూడాలి: దాని పాస్‌వర్డులు ఎక్కడెక్కడ పనిచేస్తాయో, దాన్ని ఎవరెవరు చేరగలరో రాసి పెట్టుకుని, అవసరం లేని ప్రతి దారినీ మూసేయాలి.