‘కారణం’ అనే మాట బరువు: ఎ.కొండూరు వార్తలపై ఒక పరిశీలన

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని ఎ.కొండూరు మండలం పేరు చెప్పగానే పత్రికా పాఠకులకు కిడ్నీ జబ్బు గుర్తుకొస్తుంది. అక్కడి లంబాడీ తండాల్లో ఈ జబ్బుతో ఎందరో మరణించారు. ఆ బాధను లోకానికి తెలపడంలో స్థానిక విలేకరుల కృషి ఉంది. అయితే బాధను చెప్పడంలో చూపిన శ్రద్ధ శాస్త్ర విషయాన్ని చెప్పడంలో అంతగా కనిపించదు. పర్యావరణ విలేకరిగా ఇంటర్న్‌షిప్ చేయదలచిన విద్యార్థి ఈ లోపాన్ని ముందుగా గుర్తించాలి.

ఫ్లోరైడ్ నీళ్లవల్లే కిడ్నీలు పాడవుతున్నాయనే వాక్యం ఈ వార్తల్లో తరచుగా కనిపిస్తుంది. ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో పరీక్షలో తేలుతుంది. జబ్బుకు అదే కారణమా అన్నది నిరూపించవలసిన విషయం. ఫ్లోరైడ్ మితిమీరితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయని నల్లగొండ అనుభవం మనకు నేర్పింది. కిడ్నీల విషయంలో అంత రూఢిగా చెప్పలేం. ఉద్దానంలోనూ, శ్రీలంక, మధ్య అమెరికా దేశాల్లోనూ కనిపించిన ఇలాంటి జబ్బుకు ఎండలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం, పురుగుమందులు, భారలోహాలు, నొప్పి మాత్రలు వంటి అనేక అంశాలను పరిశోధకులు పరిశీలించారు. వాటిలో ఏ ఒక్కటీ అన్నిచోట్లా ఏకైక కారణంగా తేలలేదు.

ఈ తేడాను పాటించకపోతే నష్టపోయేది తండావాసులే. నీరొక్కటే కారణమని రాస్తే, కుళాయి వచ్చిన రోజున సమస్య తీరిపోయిందని అందరూ అనుకుంటారు. ఈ జబ్బు తొలిదశలో సాధారణంగా బయటపడదు కనుక రక్తపరీక్షలు కొనసాగాలి. ఆ సంగతి మరుగున పడుతుంది. అలాగని కారణం తేలేదాకా మంచినీటి విషయం వాయిదా వేయమనడమూ తప్పే. పళ్లకు, ఎముకలకు జరిగే హాని ఒక్కటే ఆ నీటిని మార్చడానికి చాలు.

రెండో లోపం అంకెలకు సంబంధించినది. ఫ్లోరైడ్ ప్రమాదకర స్థాయిలో ఉందని రాసి వదిలేస్తే పాఠకుడికి ఏమీ తెలియదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. ఏ బోరు నీటిని, ఎప్పుడు పరీక్షించారు, ఎంత వచ్చింది అన్న వివరాలను ఈ ప్రమాణం పక్కన పెట్టినప్పుడే వార్తకు విలువ వస్తుంది.

మూడోది భాష. క్రియాటినిన్ పెరిగిందని రాస్తారు గాని, అదేమిటో చెప్పరు. అది కండరాల నుంచి రక్తంలోకి చేరే వ్యర్థ పదార్థం. కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపుతాయి. వడపోత మందగిస్తే రక్తంలో పేరుకుంటుంది. ఈ మూడు చిన్న వాక్యాలకు ఏ పత్రికలోనైనా చోటు దొరుకుతుంది.

అభ్యాసం: మీ ప్రాంతపు తాగునీటిపై వచ్చిన ఒక వార్తను తీసుకోండి. అందులో పరీక్షలో తేలినది, నిపుణులు అనుమానిస్తున్నది, విలేకరి ఊహించినది విడివిడిగా గుర్తించి, వార్తను తిరిగి రాయండి.