దోహాకు జోహారు

ఎడారి కొసన, సముద్రం అంచున వెలసిన దోహా! 2022 నవంబరు 20 నుంచి డిసెంబరు 18 దాకా లోకమంతా నీ గడప తొక్కింది. ఎప్పుడూ మే, జూన్, జూలై నెలల్లో జరిగే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు నీ ఎండకు జడిసి తొలిసారి చలిరోజులకు జరిగింది. నీ కోసం ఐరోపా లీగులు నడిమధ్యలో ఆగి దారి ఇచ్చాయి. నిన్ను చూడవచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆట కోసం వచ్చి, నీ మనుషులకు మొక్కి వెళ్ళినవాణ్ణి. నీ జనంలో పదిమందిని లెక్కపెడితే దాదాపు తొమ్మిదిమంది ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే. తమ ఇళ్ళకు దూరంగా బతికే ఇంతమంది కలిసి, లోకం మొత్తానికి ఒక నెలపాటు ఇల్లు అమర్చిన ఊరివి నువ్వు. అందుకే ఈ జోహారు.

మొదటి జోహారు నీ సముద్రానికి. చమురు పేరు తెలియని రోజుల్లో నీకు కూడు పెట్టింది ముత్యం. నడివేసవిలో పడవలు నెలల తరబడి నీళ్ళ మీదే ఉండేవి. ముక్కుకు బిగింపు, కాలికి రాయి, మెడలో ఆల్చిప్పల బుట్ట. ఒకే ఒక్క ఊపిరి పట్టి మనిషి అడుక్కి దిగేవాడు. పైన తాడు పట్టుకున్నవాడే అతని ప్రాణానికి పూచీ. పడవ పెద్ద దగ్గర చేసిన అప్పు తీరేదాకా మునగవలసిందే. నిజాముల కాలంలో హైదరాబాదు బస్రా ముత్యాలని ముచ్చటపడి మెడలో వేసుకున్నవి ఈ గల్ఫ్ నీళ్ళలో పండినవే. 1930లలో జపాను పెంపకపు ముత్యాలు బజారుకెక్కాక నీ పడవలు ఒడ్డుకు చేరాయి, నీ పిల్లలు ఆకలి చూశారు. 1939లో దుఖాన్‌లో చమురు పడింది. 1971లో ఉత్తరాన సముద్రగర్భంలో గ్యాసు బయటపడింది. అలా మళ్ళీ నిలబడ్డావు. అప్పట్లో నీ ముత్యం మా వైపు వచ్చేది. ఇప్పుడు మా మనిషి నీ వైపు వస్తున్నాడు. మనది కొత్త చుట్టరికం కాదు దోహా.

నీ బతుకులోని వస్తువులనే నీ స్టేడియాలుగా నిలబెట్టావు. అల్ ఖోర్‌లో అల్ బైత్, ఎడారి సంచారుల నల్లచారల గుడారం. అల్ థుమామా, మీ మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే అల్లిక టోపీ. దాని రూపశిల్పి ఖతార్ బిడ్డ ఇబ్రహీం జైదా. అల్ వక్రాలో అల్ జనూబ్, గాలి నిండిన ధౌ పడవ తెరచాప. ఆ గీతలు గీసిన బాగ్దాదు ఆడపడుచు జహా హదీద్ 2016లోనే కన్నుమూసింది. అది పూర్తయిన రోజును చూడలేదు. లుసైల్ ఒక బంగారు లాంతరు. గోడ నిండా త్రికోణపు కంతలు, రాత్రయితే వాటిలోంచి వెలుగు. ఇక సముద్రపు ఒడ్డున 974 ఉంది. ఓడల మీద సరుకు మోసే ఇనుప పెట్టెలను పేర్చి కట్టి, ఏడు మ్యాచులు ఆడించి, విప్పేసేందుకు వీలుగా అమర్చిన స్టేడియం. వచ్చి, పనిచేసి, మూట కట్టుకుని వెళ్ళిపోయే జనం నిండిన ఊళ్ళో అలాంటి ఆటస్థలం పుట్టడం నాకు సబబుగా తోచింది.

ఇన్నిటినీ నువ్వు చేతికందే దూరంలో పెట్టావు. ఆ కొసన అల్ బైత్ నుంచి ఈ కొసన అల్ జనూబ్ దాకా సుమారు 75 కిలోమీటర్లు. 2014లో బ్రెజిల్‌కు వెళ్ళినవాళ్ళు అమెజాన్ అడవుల్లోని మనౌస్ నుంచి దక్షిణాన పోర్తో అలెగ్రె దాకా విమానాలెక్కి తిరిగారు. ఒక దేశం అభిమాని మరో దేశం అభిమానికి తారసపడాలంటే వాళ్ళిద్దరి జట్లూ ఒకే ఊళ్ళో తలపడాలి. నీ దగ్గర 32 దేశాలూ ఒకే మెట్రో ఎక్కాయి. ఒంటిగంటకు ఒక ఆట, నాలుగింటికి ఒకటి, ఏడింటికి ఒకటి, రాత్రి పదింటికి మరొకటి. ఓడినవాడూ గెలిచినవాడూ ఒకే పెట్టెలో, ఒకే కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

మూడు లైన్లూ కలిసే ముషీరబ్ స్టేషన్లో నేను చూసిన ఆ పెట్టెను ఎలా మరిచిపోతాను? తలుపు దగ్గర మెక్సికో టోపీల అంచులు ఒకదానికొకటి తగులుకుని కదలనివ్వడం లేదు. వాటి కిందనుంచి సెనెగల్ కుర్రాడొకడు తన డప్పును నెత్తిన పెట్టుకుని దూరాడు. సీట్లో మొరాకో తాతగారు, భుజాన ఎర్రజెండా, ఒళ్ళో నిద్రపోతున్న మనవరాలు. ఆ పిల్ల చెంప మీద పచ్చనక్షత్రం చెమటకు సగం కరిగింది. ఎదురుగా నిలబడ్డ అర్జెంటీనా అమ్మాయి తన రంగుపెట్టె తీసి, కళ్ళతోనే తాతగారి అనుమతి అడిగి, పిల్ల లేవకుండా ఆ నక్షత్రాన్ని మళ్ళీ దిద్దింది. చుట్టూ పాడుతున్నవాళ్ళు గొంతు తగ్గించారు. దిద్దడం అయ్యాక అందుకున్న పాట స్టేషను దాటినా ఆగలేదు. అర్జెంటీనా రంగుపెట్టెలో మొరాకో పచ్చదనం ఉండడమే ప్రపంచ కప్పు.

నీ పాత బజారు సూఖ్ వాఖిఫ్ రాత్రులకు జోహారు. మట్టిగోడల సందుల్లో యాలకుల వాసన, ఎండునిమ్మకాయల బస్తాలు, కరక్ చాయ్ పొగలు, కళ్ళకు తోలుటోపీ పెట్టుకుని మెదలకుండా కూర్చున్న డేగలు. మనిషికన్న ఎత్తైన బంగారురంగు బొటనవేలి శిల్పం చుట్టూ బ్రెజిల్ పసుపు, జపాను నీలం. దీమా మగ్రిబ్, ఎప్పటికీ మొరాకోయే, అని ఒక సందు అరిస్తే, పక్క సందు అర్జెంటీనా డోళ్ళతో జవాబిచ్చేది. బయటికొస్తే, ఎత్తుకుర్చీ మీద కెన్యా కుర్రాడొకడు. చేతికి చూపుడువేలి ఆకారపు పెద్ద స్పాంజి తొడుగు, నోట మైకు. ‘మెట్రో!’ అని అతను, ‘దిస్ వే!’ అని జనం. దారి చూపించే కూలీపనిని ఒక రాగంలో పెట్టి పాడాడు. ఊరంతా అతని వెంట పాడింది. ఒక మ్యాచుకు అతణ్ణి స్టేడియంలోకే పిలిచి, వేలమంది చేత ఆ కేక పలికించారు. దారి చూపినవాడు ఆటకు అతిథి అయ్యాడు. అలాంటి రోజు ఇచ్చినందుకు నీకు దండం.

నీ గడ్డ మీద జరిగిన ఆటలకూ జోహారు. నవంబరు 22న లుసైల్‌లో సౌదీ అర్జెంటీనాను 2-1తో ఓడించిన మధ్యాహ్నం అరబ్బుల ఇళ్ళన్నీ ఒక్కటయ్యాయి. మర్నాడు ఖలీఫా స్టేడియంలో జర్మనీ మీద గెలిచిన జపానువాళ్ళు నీలి సంచులు పట్టుకుని తమ వరసలన్నీ శుభ్రం చేశారు. వాళ్ళ ఆటగాళ్ళు గదిని అద్దంలా సర్ది, కాగితపు కొంగలు మడిచి పెట్టి, జపనీసులోనూ అరబ్బీలోనూ ధన్యవాదాలు రాసి వెళ్ళారు. డిసెంబరు 1న అల్ బైత్‌లో స్టెఫానీ ఫ్రాపార్ ఈల వేసింది. మగవాళ్ళ ప్రపంచ కప్పు మ్యాచుకు ఒక మహిళ రెఫరీగా నిలబడడం అదే మొదలు.

ఇక మొరాకో! 26 మంది జట్టులో 14 మంది పరాయి దేశాల్లో పుట్టినవాళ్ళు, పొట్టకూటికి సముద్రం దాటిన తల్లిదండ్రుల బిడ్డలు. మాడ్రిడ్‌లో ఇళ్ళు ఊడ్చి తుడిచిన తల్లి కొడుకు అష్రఫ్ హకీమీ. డిసెంబరు 6న తాను పుట్టిన స్పెయిన్ మీదే ఆఖరి పెనాల్టీని మెత్తగా గోలు నడిమికి తోశాడు. నాలుగు రోజులకు అల్ థుమామాలో పోర్చుగల్ ఓడిపోయింది. సోఫియాన్ బూఫాల్ తల్లి మైదానంలోకి దిగి, కొడుకు చేతులు పట్టుకుని నాట్యమాడింది. ఆఫ్రికా నుంచి గానీ అరబ్బు లోకం నుంచి గానీ సెమీఫైనల్ చేరిన తొలి జట్టు అది. వలసపోయినవాళ్ళు కట్టిన ఊళ్ళో వలసపోయినవాళ్ళ బిడ్డలు లోకాన్ని గెలుచుకున్నారు. దోహా, నీ పేరు నిలిచేది ఆ రాత్రుల వల్లే.

నీ మలయాళీలకు, నీ తెలుగువాళ్ళకు, నీ బంగ్లా, నేపాలీ జనానికి జోహారు. కప్పు మొదలవకముందే సముద్రపు ఒడ్డు బాట కోర్నిష్ వెంట అర్జెంటీనా, బ్రెజిల్, ఇంగ్లండ్ చొక్కాలు తొడుక్కుని డప్పులతో ఊరేగితే, వీళ్ళు అసలు అభిమానులేనా, డబ్బిచ్చి తెచ్చారా అని పశ్చిమ దేశాల్లో కొందరు అడిగారు. వాళ్ళకు మా హైదరాబాదు తెలియదు. అక్కడి సయ్యద్ అబ్దుల్ రహీం మాస్టారు తీర్చిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందనీ, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిందనీ తెలియదు. ఆ రెండు జట్లలోనూ సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఉన్నాడనీ తెలియదు. 2019 సెప్టెంబరు 10న ఆసియా చాంపియన్ ఖతార్‌ను ఇదే దోహాలో మన జట్టు 0-0 దగ్గర ఆపినప్పుడు మనవాళ్ళు వేసిన కేకలు ఎవరూ కొని తెచ్చినవి కావు. ప్రేమకు పాస్‌పోర్టు అడగకూడదు. ఆ ఒక్క నెల నువ్వు అడగలేదు.

ఇప్పుడు నా పెద్ద జోహారు. లుసైల్ నుంచి తిరిగొచ్చే ఆఖరి మెట్రోల్లో ఒకదానిలో నేను ఫోన్లో మాట్లాడుతుంటే, పక్కనున్న కుర్రాడు నవ్వాడు.

‘తెలుగోళ్ళా అన్నా? ఏ ఊరు?’

చెప్పాను. ‘మరి నీది తమ్ముడూ?’

‘మాది జగిత్యాల దిక్కు. గీ లుసైల్ స్టేడియంల కుర్చీలు బిగించినోళ్ళల్ల నేనొకన్ని.’

ఫోను తీసి చూపించాడు. హెల్మెటు, ముఖం చుట్టూ గుడ్డ, కనురెప్పల మీద దుమ్ము, వెనక ఖాళీ మెట్ల వరసలు. ‘గది నేనే అన్నా’ అన్నాడు, ఆ గుడ్డ వెనక తనను నేను పోల్చుకోలేనేమోనని.

‘మ్యాచ్ చూశావా అందులో?’

‘లేదన్నా. ఏషియన్ టౌన్ల క్రికెట్ గ్రౌండ్ల పెద్ద తెర వెట్టిండ్రు, ఆడ జూశినం. ఇండ్లనైతే కుర్చీలు బిగించినంక ఒక్కపారి గూసోని జూశిన. గ్రౌండంత కండ్ల ముంగటనే ఉండె.’ కాసేపాగి, ‘ఏజెంటుకు గట్టిన అప్పు దీర్వనీకి రెండేండ్లు వట్టింది. ఇగ ఇప్పుడు సంపాదిచ్చేది ఇంటికే’ అన్నాడు.

పెళ్ళింట్లో గాడిపొయ్యి దగ్గర చెమటోడ్చేవాళ్ళకు ముహూర్తం కనబడదు. ఆ తమ్ముడు బిగించిన వరసల్లోనే డిసెంబరు 18న 88,966 మంది కూర్చున్నారు. మెస్సీ రెండు కొట్టాడు, డి మరియా ఒకటి, ఎంబాపే మూడు. 3-3 దగ్గర ఊపిరాగి, పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా లోకవిజేత అయింది. ఆ కుర్చీల కింది మరలో ఒక జగిత్యాల మణికట్టు బలం ఉంది. ముత్యం కోసం మునిగినవాడిదీ అప్పే, కుర్చీ బిగించినవాడిదీ అప్పే. నీ వెలుగు మొదటినుంచీ అప్పుపడ్డ మనిషి ఊపిరి మీదే నిలిచింది దోహా.

పొగడ్తలో నిజం దాచకూడదు. నీ ఎండల్లో, నీ పరంజాల మీద ప్రాణం విడిచినవాళ్ళున్నారు. గల్ఫ్‌కు పోయిన కొడుకు శంషాబాదులో పెట్టెలో దిగితే, అంబులెన్సు వెంట రాత్రంతా ప్రయాణం చేసిన తండ్రులు కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఉన్నారు. నీ చట్టమూ కదిలింది. పని మారాలంటే యజమాని అనుమతి కావాలన్న నిబంధన 2020లో పోయింది. 2021 మార్చి నుంచి ఏ దేశంవాడికైనా నెలకు వెయ్యి రియాళ్ళ కనీస వేతనం వచ్చింది. వేసవి నడిఎండలో ఆరుబయట పనికి నిషేధమున్న గంటలు పెరిగాయి. అది చాలదు. కానీ మొదలైంది, దాన్ని నువ్వు వదలకూడదు. ఆ తండ్రులకు నువ్వు పడిన బాకీ తీరుస్తావన్న నమ్మకంతోనే నిన్ను ఇంత గొంతెత్తి పాడుతున్నాను.

ఎందుకంటే ఇల్లు లేనివాడికి ఇల్లు కావడం నీకు తెలుసు. హైదరాబాదులో సినిమా ఘర్ తెరిచిన ఎం.ఎఫ్. హుసేన్ స్వదేశంలో ఉండలేని రోజు వచ్చినప్పుడు, 2010లో ఆయనను తన పౌరుడిగా చేర్చుకున్నది నీ దేశమే. ఆయన ఆఖరి కల, గాజుగుర్రాలు తిరిగే కట్టడం, నీ ఎడ్యుకేషన్ సిటీలో ఉంది. మొరాకో స్పెయిన్‌ను గెలిచింది ఆ పేటలోనే. తొంభయ్యేళ్ళు దాటిన చిత్రకారుడికి చోటిచ్చిన ఊరు, పాతికేళ్ళ కుర్చీల పనివాడికి ఇవ్వలేనంటే ఒప్పుకోను.

2026 కప్పుకు మెక్సికో, అమెరికా, కెనడాల్లో పదహారు ఆతిథ్య నగరాలు. అందులో మా తెలుగువాళ్ళు వేలకువేలు స్థిరపడిన డాలస్ కూడా ఉంది. ఆ నగరాలకూ, ఆ తర్వాత ఈ ఆటను పిలుచుకునే ప్రతి ఊరికీ నీ పేరు మీద ఒక మాట అడుగుతున్నాను దోహా. స్టేడియం తలుపులు తెరిచే రోజున తొలి ఆట తొలి వరస దాన్ని కట్టినవాళ్ళకు ఇవ్వండి. వాళ్ళ ఊళ్ళనుంచి అమ్మానాన్నలను రప్పించి పక్కన కూర్చోబెట్టండి. పెద్దతెర మీద ఆటగాళ్ళ పేర్లకంటే ముందు వాళ్ళ పేర్లు, వాళ్ళ ఊళ్ళ పేర్లు చదవండి. ఈల ఆ తర్వాత వేయండి.