కటకపు నైర్మల్యము

శుక్లము క్రమ్మిన కంటిని చూచి అది యేల మసకబారెనని అందరమును అడుగుదుము. ఇన్ని యేండ్లు అది మసకబారక యెట్లు నిలిచెనని అడుగువారు అరుదు. ఆచార్య డి. బాలసుబ్రమణియన్‌గారి పరిశోధనలను చదువునప్పుడెల్ల, జీవరసాయనమే వృత్తిగా గల నాకు, రోగకారణమును వెదకబూనినవాడు మొదట ఆరోగ్యమును చూచి ఆశ్చర్యపడవలెనని తోచును.

1939లో జన్మించి, కొలంబియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, కాన్పూరు ఐ.ఐ.టి.లో పెప్టైడుల ఆకృతులను పరిశీలించుచుండిన ఆ రసాయనవేత్త, 1977లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకును, పిమ్మట కణ, అణుజీవశాస్త్ర పరిశోధనా కేంద్రమగు సి.సి.ఎం.బి.కిని వచ్చి, కంటి కటకమును తమ ప్రధాన విషయముగా స్వీకరించిరి. రసాయనవేత్త మనస్సును ఇంతగా హరింపగల అవయవము దేహమున మరియొకటి లేదని నా అభిప్రాయము. కటకపు బరువులో ఇంచుమించు మూడవ వంతు మాంసకృత్తులే. కోడిగ్రుడ్డు తెల్లసొన ఉడికినంతనే, అందలి అణువులు విప్పారి, పెనవేసికొని, వెలుగును నలుదెసలకు చెదరగొట్టును. అంతకంటెను చిక్కనైన కటకములోనో, క్రిస్టలిన్లనబడు మాంసకృత్తులు ఒకదాని చెంత నొకటి క్రమము తప్పక ఒదిగియుండుటచే కాంతి నిరాఘాటముగా సాగిపోవును. కటక మధ్యమందలి నారకణములు తమ కేంద్రకములను ఏనాడో త్యజించినవి గనుక అచ్చట క్రొత్త మాంసకృత్తు పుట్టదు. మాతృగర్భమున ఏర్పడిన అణువే వార్ధక్యము దాక ఆ భారమును మోయవలసియున్నది.

అట్టి అణువునకు ఎండ శత్రువు. అతినీలలోహిత కిరణములును ప్రాణవాయువును కలిసి మాంసకృత్తులోని ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లపు వలయమును చీల్చినచో ఎన్-ఫార్మిల్‌కైన్యురెనిన్ అను పదార్థమేర్పడును. అది తానే మరల వెలుతురును గ్రహించి, ప్రాణవాయువును ఉద్రిక్తమొనర్చి, ఇరుగుపొరుగు అణువులను కూడ గాయపరచును. ఒక గాయమే మరియొక గాయమునకు హేతువగు ఈ పరంపరను బాలసుబ్రమణియన్‌గారి బృందము ఓపికతో వివరించినది. అయినను కటకమునకు స్వీయరక్షణయు కలదు. క్రిస్టలిన్లలో ఒకటగు ఆల్ఫా-క్రిస్టలిన్ చెదరిపోవు తోటి మాంసకృత్తులను ఆదుకొనునని 1992లో హార్విట్జ్ అను పరిశోధకుడు నిరూపించెను, సి.సి.ఎం.బి.లో సిహెచ్. మోహనరావుగారు ఆ గుణమును సుదీర్ఘముగా శోధించిరి. బీటా-క్రిస్టలిన్ ద్రావణమును 60 డిగ్రీలకు వేడిచేసిన కొంతసేపటికి తెల్లబడును. ముందే తగినంత ఆల్ఫా కలిపినచో తేటగానే నిలుచును. ఈ ప్రయోగము ఎన్నిమార్లు చూచినను నాకు తనివితీరదు.

ఇంత తెలిసియు శస్త్రచికిత్సను తప్పించు మందు నేటికిని చేతికందలేదు. తేయాకునందును అశ్వగంధయందును గల ఆక్సీకరణ నిరోధకములను వారి బృందమే పరీక్షించి, శుక్లమును జాగుచేయు శక్తి వానికి ఉండవచ్చునని ప్రయోగశాలలో గ్రహించెను గాని, ప్రయోగశాలనుండి మందుల అంగడికి గల దూరము సామాన్యము కాదు. అందుచే ఆ శ్రమ వ్యర్థమనువారితో నేనేకీభవింపను. అణువు తీరు తెలియనిదే మందును వెదకుట చీకటిలో తడవులాటయే.

సి.సి.ఎం.బి. డైరెక్టరు పదవి ముగిసిన పిదప, 1998లో, విశ్రాంతి గోరదగిన వయస్సున, వారు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థకు పరిశోధనాధిపతిగా వెళ్లిరి. రోగి కూర్చున్న గదికి పక్కనే ప్రయోగశాల యుండుటచే ప్రశ్నల స్వరూపమే మారినది. పుట్టుకతో వచ్చు నీటికాసులకు కారణమగు సి.వై.పి.1బి1 జన్యువులో, 368వ స్థానమందలి ఆర్జినిన్ హిస్టిడిన్‌గా మారుట మన దేశపు రోగులలో తరచుగా కానవచ్చునని అచ్చట తేలినది.

ఇక ఆ సంస్థలోనే చికిత్స పొందు, సున్నము పడి కాలిన కన్నుల మాట. నల్లగుడ్డు (కార్నియా) అంచున, తెల్లగుడ్డుతో కలియుచోట, మూలకణములుండును. అవి నశించినచో నల్లగుడ్డుపై రక్తనాళములు ప్రాకి చూపు మూసికొనిపోవును. రెండవ కన్ను బాగున్నయెడల దాని అంచునుండి ఒకటి రెండు మిల్లీమీటర్ల తునకను తీసి, ప్రసవానంతరము లభించు ఉల్బపు పొరపై పరచి, రోగి రక్తమునుండి తీసిన సీరముతోనే పోషించినచో, ఇంచుమించు రెండు వారములలో కణములు పలుచని పొరగా అల్లుకొనును. ఆ పొరను కాలిన కంటికి అతికింతురు. పైభాగము కుదుటపడిన పిమ్మట లోపలి పొరలలో మచ్చ మిగిలినవారికి కార్నియా మార్పిడి చేయుటకు అప్పుడుగాని వీలు కలుగదు.