చిలికా సరస్సు: వర్ణనలో మార్పునకు గల స్థానము

మహాకావ్యమున నుండదగిన వర్ణనలను దండి కావ్యాదర్శమున పేర్కొనెను. అవియే మనవారు అష్టాదశవర్ణనలని చెప్పుకొనునవి. ఆ పట్టికలో నగరము, సముద్రము, పర్వతము అనునవి వస్తువులు. చంద్రుని విషయమున మాత్రము చంద్రుని గాక చంద్రోదయమును వర్ణింపుమనిరి. సూర్యుని గాక సూర్యోదయమును వర్ణింపుమనిరి. ఋతువులకు మార్పే స్వరూపము. ప్రకృతిలో కొన్నింటిని అవి ఉన్న తీరును బట్టి గాక మారు తీరును బట్టియే తెలిసికొనవలెనను గ్రహింపు ఈ పట్టికలోనే కలదని నా యభిప్రాయము.

ఈ మార్గమును మన భాషలో చక్కగా నడపిన కావ్యము ఆముక్తమాల్యద. శ్రీకృష్ణదేవరాయలు వర్షర్తువును వర్ణించుచు మేఘములతోను మెఱుపులతోను తృప్తిపడలేదు. ముసురు పట్టినపుడు నిప్పు దొరకుట ఎంత కష్టమో, దొరకినను తడికట్టె రాజుకొనక వంటయిల్లు ఎట్లు పొగతో నిండునో చూపెను. ఆకాశమున కలిగిన మార్పు పొయ్యివఱకు ప్రాకుటయే అచ్చటి వర్ణన. దాని బలము విశేషణములలో లేదు. కార్యకారణముల వరుసలో ఉన్నది.

ఇట్టి సంప్రదాయము గల మనము బడిలో చిలికాను ఎట్లు చెప్పుచున్నాము? గంజాం జిల్లాలో చాల భాగము 1936లో మద్రాసు నుండి విడివడి ఒడిషాలో చేరెను. అచ్చట స్థిరపడిన తెలుగువారికి ఈ సరస్సు పరాయిది కాదు. దక్షిణతీరమందలి రంభ ఆ జిల్లాలోనిదే. అయినను మా పాఠము వైశాల్యము, లోతు, ద్వీపముల పేళ్లు అను మూడు మాటలతో ముగియుచుండెను. కొన్నేండ్ల క్రిందట జాలరి యింటి బాలిక యొకతె పరీక్షలో, నలబన కొన్ని నెలలు ద్వీపము, కొన్ని నెలలు నీరు అని వ్రాసెను. నేను దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని.

తప్పు నాదే. వానకాలమున నలబనలో పెద్దభాగము మునుగును. నీరు తీసిన పిమ్మట తేలును. అప్పుడే వలసపక్షులు అచ్చట మేయవచ్చును. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లుండు నీటిపఱపు వానలకు 1,150 దాటును. దయా, భార్గవీ నదులు మంచినీటిని తెచ్చినపుడు ఉత్తరభాగమున ఉప్పదనము తగ్గును. సముద్రముఖము కడ ఆటుపోట్లు ప్రతిదినము దానిని మార్చుచుండును. ఇవి దినమునకు, ఏడాదికి చెందిన మార్పులు.

దశాబ్దములకు గాని కంటబడని మార్పు మఱొకటి కలదు. ఒండ్రు, ఇసుక చేరి సముద్రమునకు పోవు దారి పూడుకొనెను. ఉప్పదనము తగ్గెను, కలుపు పెరిగెను, చేపల రాబడి పడిపోయెను. 1981లో రాంసార్ పట్టికకెక్కిన చిలికా, 1993లో చెడుచున్న తడినేలలను నమోదుచేయు మాంట్రూ పట్టికలోనికి పోయెను. 2000 సెప్టెంబరులో ఇసుకదిబ్బను కోసి క్రొత్త ముఖమును తెఱచిరి. పిమ్మట చేపల రాబడి అనేక రెట్లు పెరిగెను. 2002లో మాంట్రూ పట్టికనుండి దాని పేరు తొలగెను. వైశాల్యమును మాత్రమే కంఠస్థము చేసిన విద్యార్థికి ఈ కథలో ఒక్క మెట్టును అర్థము కాదు. జాలరి కుటుంబములకు బ్రతుకుతెరువు తగ్గుటకు, మరల పెరుగుటకు కారణమును అతడు చెప్పజాలడు.

మార్పును చెప్పుటయనగా సంఖ్యలను విడుచుట యని కొందఱు తలపవచ్చును. అది సరికాదు. కొలత లేని మార్పు వట్టి మాటలపోగగును. కాలము లేని కొలతయు అంతే అసంపూర్ణము. వైశాల్యమును చెప్పునపుడు ఏ నెలలోనిదో చెప్పవలెను. ద్వీపమును చెప్పునపుడు ఏ ఋతువులో ద్వీపమో చెప్పవలెను. ఏది మారినందున ఏది మారెనో తెలుపవలెను.

కావున తెలుగు వాచకములను కూర్చు పెద్దలకును, నా తోటి యుపాధ్యాయులకును ఒక మనవి. 'చిలికాను గూర్చి వ్రాయుము' అను ప్రశ్నకు మాఱుగా 'చిలికా ఏడాది పొడవున ఎట్లు మారును? ఎందువలన?' అని అడుగుదము. సరస్సు ఒడ్డున పెరిగిన పిల్లలు ఈ ప్రశ్నకు జవాబును ఇంటినుండియే తేగలరు. దానిని కొట్టివేయకుండుట మన పని.