ఇంటి గుమ్మం, అంగడి వాకిలి

"నా స్థలంలో నా మాటే శాసనం" అనే వాదం ఇంటి విషయంలో న్యాయమైనదే. అనుమతి లేకుండా ఒకరి ఇంట ప్రవేశించి ప్రసంగించే హక్కు ఎవరికీ లేదు. అయితే వేలాది ప్రజలను ఆహ్వానించి, వారి రాకపోకల మీదనే లాభం గడించే స్థలానికి కూడా ఈ సూత్రమే వర్తిస్తుందా? ఈ ప్రశ్నకు అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

అలబామా రాష్ట్రంలో చికసా అనే ఊరు యావత్తూ ఒక నౌకా నిర్మాణ కంపెనీ సొత్తుగా ఉండేది. అక్కడి కాలిబాటపై మతసాహిత్యం పంచిన ఒక స్త్రీకి పడిన శిక్షను 1946లో, మార్ష్ కేసులో, కోర్టు కొట్టివేసింది. యజమాని తన స్థలాన్ని ప్రజలకు ఎంతగా తెరిస్తే, అతని హక్కు ప్రజల హక్కులకు అంతగా లోబడుతుందన్నది ఆ తీర్పు సారాంశం. కాని 1972లో, పోర్ట్‌లాండ్ నగరపు లాయిడ్ సెంటర్ అనే అంగళ్ల సముదాయంలో వియత్నాం యుద్ధ వ్యతిరేక కరపత్రాలు పంచినవారికి అదే కోర్టు 5-4 ఆధిక్యతతో ఆ రక్షణ నిరాకరించింది. బయట ప్రభుత్వ కాలిబాటలు ఉన్నాయి కదా అన్నది. జనమంతా లోపల ఉండగా బయట మాట్లాడే స్వేచ్ఛ, వినేవారు లేని స్వేచ్ఛయే.

1980 నాటి ప్రూన్‌యార్డ్ తీర్పు మనకు మరింత ముఖ్యమైనది. సియోనిజం జాతి వివక్షలో ఒక రూపమన్న 1975 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానాన్ని నిరసిస్తూ కొందరు విద్యార్థులు కాలిఫోర్నియాలోని ఒక అంగళ్ల సముదాయంలో సంతకాలు సేకరించారు. వారిని అక్కడినుండి పంపివేశారు. ఆ రాష్ట్ర రాజ్యాంగం వారికిచ్చిన హక్కును సుప్రీంకోర్టు సమర్థించింది. పాలస్తీనా పక్షం వహించేవారికి ఆ సంతకాల ఉద్దేశం రుచించదు. అయినా ఆ తీర్పు సరైనదే. మనకు గిట్టని మాటకు నిరాకరించిన హక్కు రేపు మన మాటకూ దక్కదు.

నేడు అంగడి వాకిలి ఇంటర్నెట్‌కు మారింది. ఇతరుల మాటలను ఎంచి కూర్చడం కూడా భావప్రకటనేనని 2024లో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. పత్రికా సంపాదకుని స్వేచ్ఛ తెలిసినవారు దీనిని తోసిపుచ్చలేరు. అయితే సంపాదకుడు తాను అచ్చువేసిన దానికి జవాబుదారీ. ఇంటర్నెట్ సంస్థలకు మాత్రం, ఇతరులు రాసిన వాటి విషయంలో, 1996 నాటి అమెరికా చట్టం ఆ బాధ్యతను చాలామేరకు తప్పించింది. ఎంపిక వేళ సంపాదకులమనీ, బాధ్యత వేళ కేవలం వేదికలమనీ చెప్పడం న్యాయం కాదు.

ఏ మాట ఉంచాలో ప్రభుత్వమే నిర్ణయిస్తే అది ఇంకా పెద్ద ప్రమాదం. కనుక యజమానిని నియమాలు పెట్టనివ్వవలసిందే. కాని ఆ నియమం ముందుగా ప్రకటించినదై, అందరికీ ఒకటిగా వర్తించాలి. మాట తొలగించినప్పుడు కారణం చెప్పాలి, తిరిగి విన్నవించుకునే అవకాశమివ్వాలి. ప్రజలను లోనికి పిలిచినవారు ఈ మాత్రం బాధ్యత వహించక తప్పదు.